ముఠాకిచ్చిన ఊత

ల్యాబు కూలీలకి ఇచ్చిన ఊతలన్నీ ఒకదాని వెనక ఒకటి చచ్చిపోతుంటే చినపాయ అనే ఊళ్ళో ఉన్న ఊత మాత్రం నిక్షేపంలా బతికే ఉంది. అది ఎందుకు బతికుందో అంతుపట్టక వకుళకి అన్నం సహించడం లేదు.

ఊత అంటే నడుముకి కట్టుకునే పట్టీ. పైకి మామూలు బెల్టులాగే ఉంటుంది. లోపల మాత్రం గాజు పళ్ళేల్లో పెంచిన ప్రాణమున్న కండరం పొరలుపొరలుగా ఉంటుంది. మనిషి బరువెత్తినప్పుడు వెన్నులో ఏ పూస దగ్గర నరం మూలుగుతుందో అది చర్మం మీది నుంచే పసిగట్టి, సరిగ్గా అక్కడ బిగుసుకుని, ఆ బరువు తను తీసుకుంటుంది. సాయంత్రం విప్పి పోషకద్రవంలో నానబెడితే పొద్దుటికల్లా మళ్ళీ పనికి సిద్ధం. దాన్ని తయారుచేయడానికి జోగారావు గారు జుట్టంతా పోగొట్టుకున్నారు. ఆయన శిష్యురాలు వకుళ పెళ్ళి మాట ఎత్తిన వాళ్ళందరినీ పోగొట్టుకుంది.

ఇదంతా దేనికంటే, కూలి చేసుకునే కుటుంబం ఏ రోజున కుప్పకూలుతుందో జోగారావు గారు ఊరూరా తిరిగి చూశారు. కరువొచ్చినా నెట్టుకొస్తారు, పని దొరక్కపోయినా వలసపోయి నెట్టుకొస్తారు. కష్టపడే వయసులో ఉన్న మనిషికి నడుము పోయిన రోజున మాత్రం ఇంట్లో ఒక్కొక్కటే జారిపోవడం మొదలవుతుంది. ముందు మందులు, తర్వాత అప్పు, ఆ తర్వాత పిల్లల చదువు. ఆ ఒక్క నడుమునీ నిలబెడితే మిగతావి వాటంతటవే నిలబడతాయని ఆయన నమ్మకం.

నమ్మకం బాగానే ఉంది కానీ, ఊత ఆయన మాట వినలేదు. అప్పుడప్పుడూ నడుము పట్టేసేవాళ్ళకి కడితే దివ్యంగా పనిచేసింది. వెన్ను నిజంగా దెబ్బతిన్న కూలీలకి కడితే, కొన్ని వారాలకే ఎండిన తోలులా బిర్రబిగిసి ప్రాణం వదిలేసింది. అవసరం లేనివాడి నడుము మీద సుఖంగా బతికి, అవసరమున్నవాడి నడుము మీద చావడం ఏం న్యాయమని వకుళ ఆ పట్టీలను పట్టుకునే తిట్టేది.

"ఇంక చాలమ్మా," అన్నారు జోగారావు గారు ఒకరోజు. "డబ్బిచ్చేవాళ్ళు ఊరుకోవడం లేదు. ఆఫీసుల్లో కుర్చీలకి అతుక్కుపోయి నడుం నొప్పి తెచ్చుకునేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళ కోసం అమ్ముకోమంటున్నారు."

"చినపాయది ఇంకా బతికే ఉంది సార్. కట్టుకున్న మనిషి మన జాబితాలో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవాడు."

"అది ల్యాబుకి పంపే సంకేతాలు చూశావా? ఒకరోజు బక్కపలచని మనిషివి, ఒకరోజు భారీ మనిషివి. యంత్రం పాడై ఉంటుంది."

"పాడైన యంత్రం ఇంత ఆరోగ్యంగా ఎందుకుంటుంది? వెళ్ళి చూసొస్తాను."

చినపాయ సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటుంది. పాయ నీళ్ళు మడుల్లోకి మళ్ళించి ఎండబెట్టి ఉప్పు తీస్తారు. ఎటు చూసినా తెల్లటి మడులు, వాటి మధ్య మనిషి ఒక్కడే నడవగల సన్నటి గట్లు. పారలతో ఉప్పు గీకి తట్టలకెత్తి, తల మీద పెట్టుకుని, వరుసగా గట్టు మీద నడిచి దూరంగా ఉన్న కుప్ప మీద పోస్తారు. ఆడా మగా కలిసి ఒక ముఠా. ముఠా పెద్ద దీనమ్మ, ఎప్పుడూ వరుసలో అందరికంటే ముందు నడిచే మనిషి. ఆమె అడుగుని బట్టే వెనకవాళ్ళ అడుగు పడుతుంది. ఆమె మాట మీదే ఆ మడులున్న కొఠారు యజమాని ముఠాకి పనిస్తాడు. వచ్చిన కూలిని ఎక్కువ మోసినవాడా తక్కువ మోసినవాడా అని చూడకుండా అందరూ సమంగా పంచుకుంటారు.

ఊత కట్టుకోవలసినవాడు ఏసోబు. నలభై దాటాయో లేదో, కుప్ప మీదికి వేసిన తడి బల్ల మీద తట్టతో జారిపడి వెన్ను దెబ్బతీసుకున్నాడు. ముఠాలో ఎవర్నీ పొమ్మనరు. మోయలేనివాడు నలుగురి కూలి తింటున్నానని తనంతట తనే మొహం చాటేస్తాడు. ఏసోబు అలా మొహం చాటేయబోతున్న రోజుల్లోనే ల్యాబు వాళ్ళు ఊత తెచ్చారు. అతను పని మానేస్తే పదో తరగతి చదువుతున్న పెద్దపిల్ల సువార్త తట్ట పట్టుకోవాలి. అందుకే ఆ పట్టీ అతనికి వచ్చినప్పుడు వకుళ మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

ఇప్పుడు ఆమె మడి గట్టు మీద తడబడుతూ వెళ్ళేసరికి ఏసోబు పారతో ఉప్పు గీకుతూ పలకరింపుగా నవ్వాడు. నడుమున పట్టీ లేదు.

"ఊత ఏదయ్యా?"

"ఇయ్యాల అంకయ్య వంతు మేడమ్," అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అయినట్టు.

వకుళ అతని ఖాళీ నడుము వైపే చూసింది. ఒక ఊత ఒకే ఒంటికి, ఇంకొకరు ముట్టుకోకూడదు అని ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే లెక్క లేదు.

"అదేంది మేడమ్ అట్టా చూస్తారు? ఇచ్చేటప్పుడు ముఠాకి ఇస్తన్నామన్నారుగా. ముఠాకొచ్చింది ఏదైనా మాకు వంతులే. మంచినీళ్ళ కుండైనా అంతే, గొడుగైనా అంతే. నా నడుం బానే ఉంది గదా, నేనొక్కణ్ణే సుఖపడితే ఎట్టా? ఆళ్ళూ మోసే మనుషులే గదా." ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో పదిమందికి అన్నం పెట్టినవాడి తృప్తి కనిపించింది.

నిజమే, ముఠా అందరినీ కూర్చోబెట్టి 'మీ ముఠాకి ఒకటి ఇస్తున్నాం' అని మాట జారింది వకుళే. ఆమె ఉద్దేశం, ముఠాలో ఒక మనిషికి అని. మాట జారితే జారింది, ఆ పట్టీ చావకుండా ఎలా ఉందో తెలిస్తే చాలనుకుని ఆమె గట్టు మీది వరుస వైపు చూసింది.

అంకయ్య తట్టతో వస్తున్నాడు. ఏనుగులాంటి మనిషి. ఏసోబు తల వంచి ఉప్పు గీకుతున్నంతసేపూ అంకయ్య ఒక చెయ్యి నడుము మీద వేసుకుని, పళ్ళు బిగించి, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. ఏసోబు తల ఎత్తగానే చెయ్యి తీసేసి, నిటారుగా నిలబడి, ఏదో కూనిరాగం అందుకున్నాడు. ఏసోబు మళ్ళీ వంగగానే రాగం ఆగిపోయి చెయ్యి నడుము మీదికి పోయింది.

వకుళ రెండూ చూసింది. ఆమె చూసిందని దీనమ్మ కూడా చూసింది. తట్ట దించి, వకుళ మోచెయ్యి పట్టుకుని, ఉప్పు కుప్ప వెనక తాటాకుల నీడలోకి తీసుకుపోయింది.

"దీనమ్మ గారూ, ఏం జరుగుతోంది ఇక్కడ?"

"గారు అంటే నాకు నవ్వొస్తది గానీ, వినమ్మా. కేకలేయమాక." దీనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మొదట్లో అది కట్టిన కొన్నాళ్ళకి గట్టిపడతా వచ్చింది. ఏసోబుకి మళ్ళా నొప్పి మొదలైంది. అప్పుడే వంతులెయ్యమని ఆడే అన్నాడు. తనొక్కడే కట్టుకోవటం ఆడికి సిగ్గు. అంకయ్య కట్టుకున్నాడు. కట్టుకున్న గంటకి మడిలో కూలబడ్డాడమ్మా. యాడరా నొప్పి అంటే సరిగ్గా ఏసోబు చూపించే చోటే చూపించాడు. సాయంత్రానికి పట్టీ మెత్తబడింది. మర్నాడు ఏసోబు కట్టుకుంటే, ఆడికి హాయి. ఆ హాయి మళ్ళా ఆడి వంతు వచ్చేదాకా ఉంటది."

"అంటే అతని నొప్పి..."

"మాలోకి వస్తది. వచ్చి, మధ్యానానికో సాయంత్రానికో పోద్ది. ఒక రోజు గదా, ఓర్చుకుంటాం. అందరం ఒప్పుకున్నాం. ఏసోబుకి మాత్రం తెలీదు. మాకూ సుఖంగా ఉంటదనే ఆడు అనుకుంటన్నాడు." దీనమ్మ వకుళ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆడికి చెప్పమాకమ్మా. తెలిసిందో, ఆ పట్టీ పాయలో గిరాటేసి ఇంటికి పోతాడు. ఆ పిల్ల తట్ట పట్టుద్ది."

వకుళ కుప్ప వెనక నుంచి వరుస వైపు చూసింది. ఎంతో చదివి, ఎన్నో పట్టీలు చంపి తను కనుక్కోలేనిదాన్ని వీళ్ళు కనుక్కోవాలని అనుకోకుండానే కనుక్కున్నారు. కనబడిన బరువుని ఎప్పట్లాగే పంచుకున్నారంతే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉప్పు గాలి అని సర్దుకుంది.

తిరిగి ల్యాబుకి వచ్చి ఆమె చేసిన మొదటి పని, అలమరలోంచి సగం చచ్చిన ఊతనొకదాన్ని తీసి తన నడుముకి బిగించుకోవడం. ఒక సిమెంటు కూలీ మీద బిగుసుకుపోయి వెనక్కి వచ్చిన పట్టీ అది. వద్దమ్మా అంటూ జోగారావు గారు వెనకాల పడుతూనే ఉన్నారు. వకుళ వినకుండా పుస్తకాల పెట్టెలు ఎత్తి దించడం మొదలుపెట్టింది.

కాసేపటికి ఎవరో నడుములో మేకు దించి తిప్పినట్టయింది. తనెప్పుడూ చూడని, పేరు కూడా గుర్తులేని ఒక మనిషి రోజూ ఈ నొప్పితోనే సిమెంటు మోశాడన్నమాట. వకుళ గోడ పట్టుకుని నిలబడింది, కానీ విప్పలేదు. పొద్దు వాలేసరికి నొప్పి తగ్గింది. పట్టీ విప్పి గురువుగారి చేతిలో పెట్టింది. ఎండుతోలులా ఉన్నది కాస్తా అప్పుడే పిసికిన పిండిలా మెత్తగా ఉంది.

జోగారావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కుర్చీలో చతికిలబడ్డారు. "దెబ్బతిన్న వెన్ను దగ్గర పట్టిన బిగువుని అది ఎక్కడా వదుల్చుకోలేకపోయింది. నానబెడితే వదులుతుందని మనం అనుకున్నాం. దానికి కావలసింది గట్టి వెన్ను. అక్కడ వదిలేస్తుంది, ఆ వెన్ను భరించాలి." ఆయన వేళ్ళతో పట్టీని నొక్కి చూశారు. "భరించేవాళ్ళు దొరుకుతారు వకుళా. జీతమిచ్చి పెట్టుకోవచ్చు. పొద్దున కట్టుకుని సాయంత్రం విప్పేసే ఉద్యోగం."

"ఎవరు చేరతారు సార్ ఆ ఉద్యోగంలో?"

జవాబు ఇద్దరికీ తెలుసు. చెప్పనక్కరలేకపోయింది. ఎవరి పిల్ల బడి మానేయబోతుందో వాళ్ళే చేరతారు. ఆఫీసు కుర్చీలో వెన్నే పాడైపోయినవాడి నొప్పి కూడా వాళ్ళే మోస్తారు. బీదవాడి కోసమని మొదలుపెట్టిన పట్టీ చివరికి బీదవాడికి కొత్త బరువై కూర్చుంటుంది.

"జీతానికి మోయించేటట్టయితే నేను ఉండను," అంది వకుళ. నొప్పి పూర్తిగా తగ్గకపోవడంతో ఆమె ఇంకా నిలబడే ఉంది. "కూలిని సమంగా పంచుకునే ముఠాలకే ఇద్దాం. ఒకరికొకరు మోసుకునేవాళ్ళకే ఇద్దాం. ఉప్పు మడుల్లో ఉన్నారు, నాట్లు వేసే ఆడవాళ్ళలో ఉన్నారు, మూటలు మోసే హమాలీల్లో ఉన్నారు."

జోగారావు గారు పట్టీని తీసుకెళ్ళి పోషకద్రవంలో వేసి వచ్చారు. ఆయన మొండివాడే కానీ చెడ్డవాడు కాదు. "సరే. ముందు ఏసోబుకి చెప్పు. కట్టుకునేవాడి దగ్గర దాచి చేస్తే అది ప్రయోగం కాదు, మోసం. అంతా తెలిశాక కూడా అతను కట్టుకుంటానంటే నీ మాట ప్రకారం ముఠాల దగ్గరికే వెళ్దాం. వద్దంటే పట్టీ వెనక్కి తెచ్చేయ్. కుర్చీలవాళ్ళకి అమ్ముకుని బతుకుదాం."

ఆయన చెప్పింది అన్యాయమని అనడానికి లేదు. అదే వకుళకి మరింత బాధగా ఉంది.

ఆమె మళ్ళీ చినపాయ వెళ్ళిన రోజు ఏసోబు వంతు. అందరూ తాటాకు పందిరి కింద సద్ది విప్పుతున్నారు. ఏసోబు మాత్రం లేచి గట్టు చివరిదాకా ఆమెకి ఎదురొచ్చాడు. నడుమున పట్టీ ఉంది.

"ఏసోబూ, నీకొక సంగతి చెప్పాలి."

"నేనూ చెప్పాలి మేడమ్. ముందు నన్ను చెప్పనీయండి, ఆళ్ళు వస్తే చెప్పలేను." గొంతు తగ్గించాడు. "ఈ పట్టీలో నాది కాని నొప్పి ఒకటుంది."

వకుళ అతనికి దగ్గరగా జరిగింది.

"నా నొప్పి నాకు తెలీదా? అది పైన, నడిమధ్యలో ఉండేది. అది మందు తిన్నట్టు పూర్తిగా నయమైపోయింది. ఇప్పుడొచ్చేది కింద, కుడి తుంటి మీద. కాలిదాకా లాగుద్ది. ఎప్పుడంటే, దీనమ్మక్క కట్టుకున్న మర్నాడే. అక్కకి నడుం పోతంది మేడమ్. ఎవరికీ చెప్పట్లా. ముందు నడిచే మనిషి పడిపోతే ఇంగ ముఠా ఏముంటది? యజమాని వేరే ఊరోళ్ళని తెచ్చుకుంటాడు." అతను పందిరి వైపు ఒకసారి చూశాడు. "నేను కట్టుకున్న రోజు కొంత నా మీదికొస్తే, అక్కకి అంత తగ్గుద్ది గదా. అందుకే నా వంతు ఎప్పుడూ అక్క తర్వాతే ఏసుకుంటన్నా. ఆమెకి మాత్రం చెప్పమాకండి. తెలిస్తే నన్ను కట్టుకోనీదు."

మిగతావాళ్ళకి కూడా ఆ తుంటి నొప్పి వచ్చే ఉంటుంది. అంతా ఏసోబుదే అనుకుని ఓర్చుకుని ఉంటారు. తన నొప్పిని అణువణువూ ఎరిగినవాడు కాబట్టి ఏసోబు ఒక్కడే తేడా పట్టుకున్నాడు. వకుళకి ఇటూ ఒక రహస్యం, అటూ ఒక రహస్యం. ఇద్దరూ చెప్పొద్దని బతిమాలేవాళ్ళే. ఇంత గొప్ప మనుషుల మధ్య నోరు విప్పాల్సిన పాపం తనకే పట్టిందని ఏడుపొచ్చింది. అయినా అతన్ని పందిరి కిందికి తీసుకెళ్ళి, అందరి ముందూ కూర్చుని, మొదటి నుంచీ చెప్పింది. ఊత నొప్పిని చంపదని, ఒకరి దగ్గర తీసుకున్నది ఇంకొకరి దగ్గర దించుతుందని, ఏసోబుది అందరూ మోస్తున్నారని, దీనమ్మది కూడా అందులోనే ఉందని, అది తెలిసే ఏసోబు మోస్తున్నాడని.

ఎవరూ ముద్ద ఎత్తలేదు.

దీనమ్మ మొహం కందగడ్డలా అయింది. "నా నడుం సంగతి నీకెవరు చెప్పార్రా?" అని ఏసోబు మీద లేచింది.

ఏసోబు ఆమె మాట వినే స్థితిలో లేడు. అంకయ్య వైపు చూశాడు, తర్వాత ఒక్కొక్కరి వైపే చూశాడు. అందరూ తలలు దించుకున్నారు. "ఇన్నాళ్ళూ మీ నడుముల మీద నడిచానా నేను? నేనేదో మీకు సుఖం పంచుతున్నాననుకుని..." పట్టీ విప్పి దీనమ్మ ముందు పెట్టాడు. "నాకొద్దు. రేపట్నించి రాను. నా ఇంటి సంగతి నేను చూసుకుంటా."

చెప్పులు వెతుక్కుంటూ లేచాడు. అంకయ్య అడ్డం పోబోతే ఏసోబు పక్కకి తప్పుకున్నాడు. వకుళ కళ్ళ ముందు సువార్త తట్ట ఎత్తుకుంటున్నట్టే కనబడింది. నిజం చెప్పడం ఇంత చేటు పనవుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"పోరా, పో," అంది దీనమ్మ. కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. "పోయేముందు ఒక్క మాట చెప్పి పో. నువ్వు పోతే నా నొప్పిలో నీ వంతు ఎవడు మోస్తాడు?"

ఏసోబు ఆగాడు.

"చెప్పరా. మేము నీది మోశాం, బానే ఉంది. నువ్వు నాది మోశావుగా, నాకు చెప్పకుండా? ఇప్పుడు నీ దారిన నువ్వు పోతే, ఆ వంతు అంకయ్య మోస్తాడా?"

"నా వల్ల గాదమ్మో," అన్నాడు అంకయ్య ఉన్నపళంగా. "ఒక్కోళ్ళదీ ఒక్కో తీరు నొప్పి. నా వంతు మోస్తా గానీ ఏసోబు వంతు గూడా మోయమంటే చస్తా."

ఎవరో ముందు నవ్వారు. నవ్వకూడదని ఆపుకోబోయి మిగతావాళ్ళూ నవ్వేశారు. ఏసోబు మాత్రం నవ్వలేదు. మొహం మీద కన్నీళ్ళు తుడుచుకోకుండా అలాగే నిలబడి, దీనమ్మ ముందున్న పట్టీని చూస్తున్నాడు. పడిపోయిన దగ్గర్నుంచీ అతన్ని అందరూ మోయాల్సిన మనిషిగానే చూశారు, అతను కూడా తనను అలాగే చూసుకున్నాడు. అతను మోయకపోతే ఆగిపోయే బరువొకటి ఉందని అతని మొహాన చెప్పినవాళ్ళు ఇన్నాళ్ళూ ఎవరూ లేరు.

వంగి పట్టీ తీసుకున్నాడు. నడుముకి చుట్టి, కొక్కెం బిగించాడు. బిగించగానే కుడి తుంటి దగ్గర ఒకసారి చెయ్యి వేసుకుని, పళ్ళు కొరికి, సర్దుకున్నాడు. ఈసారి దాచుకోలేదు.

సద్ది ముగించి అందరూ మళ్ళీ మడుల్లోకి దిగారు. తట్టలు నిండాయి. ఎప్పట్లాగే దీనమ్మ వరుసకి ముందుకి వెళ్ళబోతే ఏసోబు తట్ట తల మీద పెట్టుకుని గట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు మధ్యలోకి రా అక్కా. ముందు నేను నడుస్తా."

"ఎవడ్రా నాకు చెప్పేది? నేనెప్పుడూ మధ్యలో నడవలా."

"ఇయ్యాల నడువు."

దీనమ్మ వాణ్ణి, వాడి వంశాన్ని, ల్యాబుని, ఆ పట్టీని కనిపెట్టినవాణ్ణి కలిపి నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూనే అంకయ్య వెనక్కి వెళ్ళి నిలబడింది. ఏసోబు మొదటి అడుగు నెమ్మదిగా వేశాడు, దీనమ్మ తుంటికి ఎంత అడుగు సరిపోతుందో అంతే వేశాడు. వెనకున్న ముఠా అంతా ఆ అడుగుకి తమ అడుగు కలుపుకుని కుప్ప వైపు నడిచింది.